పొద్దున ఆరు గంటల కబురు

"గడ్డి ఎట్లుంది తాతా?"

ముసలాయన వెంటనే జవాబు చెప్పలేదు. వంగి, బాట పక్కనున్న బోదగడ్డి నాలుగు పరకలు తెంపి పిడికిట్లో నలిపాడు. చెయ్యి తెరిచి చూపించాడు. గడ్డి పొడి పొడి అయిపోయింది.

"రేత్రి మంచు కూడా పడలేదు సార్. పొద్దన్నే ఇట్లుంటే మద్దేనానికి ఎట్లుంటాదో మీరే చూస్కోండి."

పాతికేళ్ల బీట్ ఆఫీసర్ వైర్‌లెస్ సెట్ నోటి దగ్గర పెట్టుకున్నాడు. గడ్డి బాగా ఎండి ఉంది. గాలి ప్రస్తుతానికి లేదు. పొగ కనబడలేదు. బాట మీద కొత్త అడుగులు లేవు. అవతలి నుంచి "సరే, రాసుకున్నాం" అన్న మాట వచ్చింది. పొద్దున ఆరు గంటల కబురు పూర్తయింది.

అది 2014 మార్చి మూడో వారం. చోటు చంద్రగిరికి ఉత్తరాన, శ్రీవారి మెట్టు లోయకు పైన, శేషాచలం పడమటి వాలు. అప్పటికి తిరుపతి జిల్లా ఏర్పడలేదు, చంద్రగిరి చిత్తూరు జిల్లాలోనే ఉంది. రాష్ట్రం రెండు కాబోతోంది. మార్చి 1 నుంచి రాష్ట్రపతి పాలన. ఊళ్లో టీకొట్ల దగ్గర విభజన, ఎన్నికలు తప్ప మరో మాట లేదు. కొండ మీద ఎండుతున్న గడ్డి సంగతి పట్టించుకునే వాళ్లు ఆ నెలలో అడవిలో కాపలా ఉన్నవాళ్లే.

ఇక్కడే ఒక సంగతి చెప్పాలి. ఆ వారం తిరుమల కొండల్లో రేగిన మంట, దాన్ని ఆర్పడానికి వచ్చిన సైన్యం, వైమానిక దళం హెలికాప్టర్లు, భక్తులకు మూసిన దారులు ఇవన్నీ జరిగినవి. ఈ ముసలి వాచరు, ఈ కుర్ర ఆఫీసరు మాత్రం ఏ ఒక్కరో కారు. చంద్రగిరి వైపు అడవిలో వేసవి వేసవికీ జరిగే పనిని, ఆ పని చేసేవాళ్ల మాట తీరును కలిపి గీసిన మనుషులు వాళ్లు. అందుకే పేర్లు పెట్టలేదు. పెద్ద మంట గురించి పత్రికల్లో చాలా వచ్చింది. ఇటువైపు వాలు మీద అలాంటి రోజుల్లో ఏం జరుగుతుందో ఎవరూ రాయరు కాబట్టి, దాన్ని ఆ రోజుల మీద ఉంచి చెబుతున్నాను.

ఆ అడవి సామాన్యమైంది కాదు. 2010లో కేంద్రం శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించింది. చిత్తూరు, కడప జిల్లాల్లో కలిపి సుమారు 4,756 చదరపు కిలోమీటర్లు. దాని నడుమ 353 చదరపు కిలోమీటర్ల శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణపు కొసలోనే. పేరీత అనే మొక్క ఉంది. చూస్తే పొట్టి ఈతలా ఉంటుంది గానీ రాక్షసబల్లుల కాలం నాటి వంశం దానిది. అది కూడా ఈ కడప, తిరుమల కొండల్లో తప్ప బయట అడవిలో కనబడదు. రాతి పగుళ్లలో బంగారు బల్లి, చెట్ల మీద దేవాంగ పిల్లి. ఇవన్నీ బతికేది వాన కురిసే నెలల కంటే కురవని నెలలు ఎక్కువున్న అడవిలో. ఈశాన్య రుతుపవనం డిసెంబరుతో ముగుస్తుంది. జనవరి నుంచి ఆకు రాలుతుంది. మార్చి నాటికి ఎర్రచందనం మోడులా నిలబడి ఉంటుంది, దాని కింద మోకాలి లోతు ఎండుటాకు, ఆకుల నడుమ నడుమెత్తు బోద.

బోద గురించి ముసలాయనకు ఒక బాధ ఉంది. నడుస్తూ ఆఫీసరుకు చెప్పాడు.

"మా నాయన కాలంలో సంక్రాంతి దాటితే బోద కోసుకునేదానికి ఊర్లకు ఊర్లు కొండెక్కేటివి సార్. ఇండ్లకంతా అదే గదా కప్పు. మార్చికంతా కొండ గొరిగినట్ట ఉండేది. ఇప్పుడు అందరూ మిద్దెలేసుకున్న్యారు. ఎవురికి కావాల గడ్డి? యాడిదాడ నిలబడి ఎండతా ఉండాది."

ఈ మాట నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. చంద్రగిరి కోటలో రాజమహల్‌ను కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారని చెప్పుకుంటాం. కోట చుట్టూ ఊళ్లలోని మామూలు ఇళ్లు మాత్రం మొన్నమొన్నటి దాకా ఈ కొండగడ్డి నీడనే ఉన్నాయి. ఊరికి గడ్డి అవసరం తీరిపోయింది, రక్షిత అడవిలో కోతకు అనుమతీ లేదు. రెండూ మంచి కారణాలే. కానీ కోయని గడ్డి ఎటూ పోదు. ఏటికేడు కొండ మీదే పేరుకుంటుంది. అడవి మంటకు ఎండ కారణమని మనం సులువుగా అనేస్తాం. ఎండ ఎండబెడుతుంది, అంతే. మండేది గడ్డి, అంటించేది మనిషి. మన అడవుల్లో మంట దానంతటది పుట్టడం బహు అరుదు. బీడీ ముక్క, తేనె పట్టుకు పెట్టిన పొగ, వానకు ముందే లేతగడ్డి రావాలని మేకల కాపరి పెట్టిన నిప్పు, వంట చేసుకుని ఆర్పకుండా వదిలిన మూడు రాళ్ల పొయ్యి. ఎర్రచందనం దొంగలు వచ్చిపోయే అడవి కాబట్టి ఆ పొయ్యిలు ఇక్కడ మరీ ఎక్కువ.

దొంగల మాట వచ్చినప్పుడు కుర్ర ఆఫీసరు చుట్టూ చూశాడు. చూడడానికి కారణం ఉంది. మూడు నెలల కిందట, 2013 డిసెంబరు 15న, ఇదే శేషాచలంలో ఎర్రచందనం నరికేవాళ్లు ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. ఆ తర్వాత వచ్చిన మొదటి వేసవి ఇది. "బాట మీద కొత్త అడుగులు లేవు" అని సెట్‌లో చెప్పడం వెనక మంట భయం ఒక్కటే లేదు.

*

పొగ కనిపించింది. కొండ నెత్తి మీద, తిరుమలకు అవతల, ఉత్తరాన. ముందు అది మబ్బేమో అనిపించింది. మార్చిలో మబ్బెక్కడిది?

"అది పాపవినాశనం పక్కనే సార్," అన్నాడు ముసలాయన. "కాకులకొండ ఆవల."

సెట్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది. రోజూ పొద్దున ఒక్కో బీట్ వంతుగా నాలుగు ముక్కలు చెప్పే చోట ఇప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఎక్కడ, ఎంత, ఎటు. అటవీ సిబ్బంది, దేవస్థానం అటవీ విభాగం, అగ్నిమాపక దళం అందరూ పాపవినాశనం వైపు కదులుతున్నారు. ఇటువైపు బీట్ల వాళ్లకు వచ్చిన ఆదేశం ఒకటే. మీ వాలు మీరు కాయండి. కిందినుంచి రెండో మంట లేవకుండా చూడండి.

వినడానికి అది చిన్న పనిలా ఉంటుంది. కుర్రవాడికీ అలాగే అనిపించింది.

"అందరూ ఆడ కష్టపడతా ఉంటే మనం ఇక్కడ బాట కాస్తా కూర్చోవాల్నా తాతా?"

"కూర్చునేది యాడిది సార్. అగ్గిబాట గీకాల. మొన్న రాలిన ఆకంతా మళ్లా పడిండాది."

డిసెంబరు, జనవరిలో అటవీ శాఖ గడ్డి, ఆకు తీసేసి నేల కనబడేలా బాటలు చేస్తుంది. ఫైర్ లైన్లంటారు. పైనుంచి చూస్తే కొండకు పాపిడి తీసినట్టు ఉంటుంది. నేలను పాకుతూ వచ్చే మంట ఆ బాట దగ్గర తిండి లేక ఆగాలి. అయితే జనవరిలో తీసిన బాట మార్చికి మళ్లీ ఆకుతో నిండుతుంది. అందుకే దాన్ని రోజూ ఊడవాలి. బ్లోయర్ల వంటి యంత్రాలు ఇప్పుడు కొన్ని చోట్ల ఉన్నాయి. ఈ వాలు మీద ఆ రోజు ఉన్నవి చీపురుగా కట్టిన చిట్టీత మట్టలు, కొడవళ్లు, రెండు పారలు. ఐదుగురు మనుషులు.

మధ్యాహ్నానికి ఎండ ముదిరింది. పొగ కొండంతా పరుచుకుంది. పైన ఏం జరుగుతోందో సెట్‌లో ముక్కలు ముక్కలుగా తెలుస్తోంది. పాపవినాశనం, ఆకాశగంగల వైపు భక్తులను పోనివ్వడం లేదు. ఆలయానికి ప్రమాదం లేదు, దర్శనాలు నడుస్తున్నాయి. మంట ఒక చోట అణగితే గాలికి ఇంకో చోట లేస్తోంది. ట్యాంకర్లు రోడ్డు ఉన్నంతవరకే పోగలవు. రోడ్డు దాటితే లోయ.

కొండ మీద నీళ్లకు కొదవ లేదన్న సంగతి మనందరికీ తెలుసు. గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార అని ఐదు జలాశయాలున్నాయి. మంట మాత్రం ఆ నీళ్ల పక్కనే, మనిషి మోసుకుపోలేని వాలు మీద మండింది. అడవి మంటల్లో ఎప్పుడూ ఇదే చిక్కు. నీరుండీ చేరదు. అందుకే పచ్చి కొమ్మలతో బాది ఆర్పే పద్ధతి ఈనాటికీ పోలేదు. కొమ్మ బాదితే మంటకు గాలి అందదు, నిప్పు నేలకు అణుగుతుంది. కానీ దానికి మనిషి మంటకు రెండు మూడు గజాల దూరంలో నిలబడాలి. బోద నడుమెత్తు ఉన్నచోట మంట మనిషిని మించి లేస్తుంది. అప్పుడు ఏ కొమ్మా పనికిరాదు.

సాయంత్రం ముసలాయన కాలితో కొంత దుమ్ము లేపి చూశాడు. దుమ్ము పడమటికి కదిలింది.

"గాలి తిరిగింది."

చంద్రగిరి నుంచి పాకాల పోయే దారిలో గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధనశాలలో నేల మీదినుంచి ఎన్నో కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి నడకను కొలిచే పెద్ద రాడార్ ఉంది. దేశంలో గాలి గురించి అంత లోతుగా తెలిసిన చోట్లు చాలా తక్కువ. ఆ రాడార్‌కు కొద్ది దూరంలో, అదే గాలి తమ మీదికి వస్తుందా లేదా అని ఐదుగురు మనుషులు కాలితో దుమ్ము లేపి చూసుకుంటున్నారు. ఆ శాస్త్రజ్ఞుల పని వేరు, ఆ రాడార్ చూసే ఎత్తులు వేరు, వాళ్లను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఈ రెండు జ్ఞానాల మధ్య కబురు నడిచే దారి ఒకటి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. కొండవాలు మీద పనిచేసేవాడికి కావలసింది రెండే రెండు ముక్కలు. గాలి ఎన్ని గంటలకు తిరుగుతుంది, ఎటు తిరుగుతుంది.

ఎందుకంటే కొండ మీద మంటకు దాని లెక్క దానికి ఉంది. చదునునేల మీద నడిచే మంట కొండ ఎక్కేటప్పుడు పరుగెత్తుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే మంట వేగం సుమారు రెట్టింపవుతుందని అగ్ని శాస్త్రం చెబుతుంది. కింది మంట వేడి పైనున్న గడ్డిని ముందే ఎండగొడుతుంది, అందుకు. పగలు గాలి లోయలోంచి పైకి ఎక్కుతుంది, పొద్దు గుంకాక చల్లబడి కిందికి దిగుతుంది. కాబట్టి పగలు మంటకు పైన నిలబడడం చావును పిలవడం. రాత్రి మంట నెమ్మదిస్తుంది. కానీ కాలిన మొద్దులు, వేడికి పగిలిన రాళ్లు దొర్లుకుంటూ కిందికి వస్తాయి. దొర్లిన మొద్దు ఆగినచోట కొత్త నిప్పు రేగుతుంది, ఇక అది కిందినుంచి పైకి ఎక్కుతుంది. మధ్యలో చిక్కినవాడికి పైనా మంటే, కిందా మంటే.

ఇది పుస్తకంలో చదివిన పాఠంగా ఆఫీసరుకు తెలుసు. ముసలాయనకు ఇది కాళ్లతో తెలుసు.

*

ఆ యేడు ఫాల్గుణ పౌర్ణమి మార్చి 16న వచ్చింది. తుంబురు తీర్థ ముక్కోటి జరిగే పౌర్ణమి అది. ఏటా ఆ రోజు భక్తులు గుంపులు గుంపులుగా పాపవినాశనం దాటి అడవిబాటన తీర్థానికి నడుస్తారు. పౌర్ణమి దాటిన ఆ రాత్రుల్లో వెన్నెల ఉంది గానీ పొగ దాన్ని కిందికి రానివ్వలేదు. చంద్రుడు ఎర్రగా కనిపించాడు.

వాళ్ల వాలు మీద నిప్పు కనబడింది రాత్రి తొమ్మిది దాటాక. అది పైనుంచి వచ్చింది కాదు. కింద, శ్రీవారి మెట్టు లోయ వైపు, ఒక పాయలో. చిన్నదే. ఒక గది వెడల్పు ఉంటుందేమో. దూరంనుంచి ఎవరో పొయ్యి రాజేసుకున్నట్టుంది.

కుర్రవాడు దిగబోయాడు. ముసలాయన రెక్క పట్టుకుని ఆపాడు.

"దాని నెత్తిన దిగద్దు నాయనా. పక్క నించి పోదాము."

పగలంతా 'సార్' అన్న మనిషి ఆ క్షణాన నాయనా అన్నాడు. ఇద్దరూ గమనించలేదు. పక్కనున్న రాతి గట్టు చుట్టి, అరగంట నడిచి, మంటకు ఎడమ పక్కన చేరారు. అప్పటికది పది గదుల వెడల్పు అయింది. వెదురు పొద అంటుకుంది. కణుపులు పేలుతున్నాయి. తుపాకీ పేలినట్టు ఒక్కో చప్పుడు. ప్రతి చప్పుడుకూ కుర్రవాడు ఉలిక్కిపడ్డాడు. డిసెంబరు నుంచీ అతనికి చీకట్లో చప్పుడంటే అంతే.

"బాదితే ఆగదు తాతా."

"ఆగదు. పైన మన అగ్గిబాట ఉండాది గదా. ఆడికి పోయి ఎదురు పెడదాము."

ఎదురు మంట పెట్టడమంటే బాట అంచున మనమే నిప్పు పెట్టి, దాన్ని కిందికి, వచ్చే మంటకు ఎదురుగా మెల్లగా కాలనివ్వడం. రెండు మంటలూ కలిసేచోట కాలడానికి ఏమీ మిగలదు. చెప్పడానికి రెండు వాక్యాలు. చేసేటప్పుడు గాలి ఒక్క నిమిషం తప్పుగా వీచినా మనం పెట్టిన నిప్పే మన బాట దాటి కొండెక్కుతుంది. అందుకే ఎదురు మంట పెట్టే అధికారం అందరికీ ఉండదు, పెట్టే ధైర్యం ఇంకా తక్కువమందికి ఉంటుంది. ఆఫీసరు సెట్‌లో పైవాళ్లను అడిగాడు. చోటు, వాలు, గాలి, మనుషులెందరు అని నాలుగు ప్రశ్నలు వచ్చాయి. నాలుగింటికీ అతని దగ్గర జవాబు ఉంది. పొద్దున ఆ బాట ఊడ్చారు కాబట్టి అది శుభ్రంగా ఉందనీ తెలుసు. "పెట్టండి, జాగ్రత్త" అన్నారు.

ముసలాయన గాలి పూర్తిగా కిందికి దిగేదాకా ఆగమన్నాడు. ఆగారు. కింద మంట పెరుగుతుంటే చూస్తూ ఆగడం కంటే కష్టమైన పని మరొకటి లేదు. తలకు తడిగుడ్డలు కట్టుకుని బాట పొడవునా నిలబడ్డారు. చివరికి ఎవరి చేతిమీది వెంట్రుకలు కదిలాయో, "ఇప్పుడు" అన్నారు. ఒక చివర నుంచి రెండో చివరకు బోద కట్ట అంటించి గీసుకుంటూ పోయారు. బాట దాటిన నిప్పురవ్వలను మిగతా ముగ్గురు కొమ్మలతో కొట్టేశారు. కలవడానికి గంటన్నర పట్టింది. కలిసినప్పుడు మంట ఒక్కసారి చెట్లంత ఎత్తు లేచి, అక్కడే పడిపోయింది.

తెల్లవారేదాకా మొద్దులు తన్ని, మట్టి కప్పి, మళ్లీ మళ్లీ తడిమి చూశారు. కాలిన మొద్దులో రెండు రోజులైనా నిప్పు దాగి ఉంటుంది.

పొద్దున మంట మొదలైన చోటికి పోతే మూడు రాళ్లు, సగం కాలిన కట్టెలు, బియ్యం సంచి దొరికాయి. కుర్రవాడు నోట్‌బుక్ తీశాడు. కారణం అన్నచోట రాశాడు. తర్వాత వచ్చిన మనుషుల సంఖ్య, పనిచేసిన గంటలు.

"రేత్రిది కూడా రాయండి సార్," అన్నాడు ముసలాయన. "పగలుది ఒకటి, రేత్రిది ఒకటి. రెండు కూలీలు."

*

ఆ రోజుల్లోనే పైన హెలికాప్టర్లు దిగాయి. వైమానిక దళం హెలికాప్టర్లు గాలిలోంచి నీళ్లు చల్లాయి. సైనికులు లోయల్లోకి దిగారు. కొన్ని రోజులకు మంట అదుపులోకి వచ్చింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. తిరుమల పేరు చేరడంతో ఆ మంట దేశమంతటికీ తెలిసింది. అంత బలగం కదిలినందుకు సంతోషించాలి, రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించలేం. అయినా నా మనసులో ఒక లెక్క మిగిలిపోయింది. హెలికాప్టరు ఆర్పేది పెద్దదైపోయిన మంటను. ఒక గది వెడల్పున్నప్పుడు దాన్ని ఆర్పగలిగేది పక్క కొండ మీద మేలుకుని ఉన్న మనిషి. ఆ మనిషికి సమయానికి కబురు అందాలి, ఆ మనిషి నుంచి సమయానికి కబురు రావాలి.

ఈ కబురు సంగతిలో గడిచిన పదేళ్లలో చాలా మారింది. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచే ఉపగ్రహాల సాయంతో అడవుల్లో మంటలు గుర్తించి రాష్ట్రాలకు చెబుతోంది. అప్పటి పరికరం ఒక కిలోమీటరు గళ్లలో చూసేది. శేషాచలంలో ఒక కిలోమీటరంటే రెండు లోయలు, మూడు గట్లు. 2017 నుంచి 375 మీటర్ల గళ్లలో చూసే పరికరం సమాచారం కూడా వాడుతున్నారు. పేరు నమోదు చేసుకున్నవాళ్ల ఫోన్‌కు అక్షాంశ రేఖాంశాలతో మెసేజ్ వస్తుంది. బీట్ ఆఫీసరు దాన్ని మ్యాపులో పెట్టుకుని నడవడమే.

అయితే ఆ ఉపగ్రహం కొండ మీదే నిలబడి ఉండదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక అదే వేళకు ఒకసారి పైనుంచి పోతుంది. మధ్యాహ్నం మూడింటికి అంటుకున్న గడ్డి దానికి మళ్లీ రాత్రికి గానీ కనబడదు. మబ్బుంటే కనబడదు. దట్టమైన కొమ్మల కింద పాకే చిన్న నిప్పు కనబడకపోవచ్చు. మరోవైపు, అడవి అంచున చెరకు సోగ తగలబెట్టినా, ఇటుక బట్టీ కాల్చినా కనబడుతుంది. చంద్రగిరి చుట్టుపక్కల చెరకు, బట్టీలు రెండూ ఉన్నాయి. మెసేజ్ వచ్చిందని ఆయాసపడి పోయి చూస్తే పొలంలో సోగ కాలుతూ ఉంటుంది. అలా నాలుగుసార్లు జరిగాక ఐదోసారి నింపాదిగా పోవాలనిపించడం మనిషి స్వభావం. ఆ ఐదోది అసలు మంట అయితే? అందుకే వచ్చిన ప్రతి మెసేజ్‌కీ కింది నుంచి జవాబు పోవాలి. పోయి చూశాం, ఇది పొలం. పోయి చూశాం, ఇది అడవి, ఇంత కాలింది, ఇదీ కారణం. పైకి పోయే ఆ జవాబుల వల్లే రేపటి హెచ్చరిక నిక్కచ్చిగా వస్తుంది. ముసలాయన చూపించిన మూడు రాళ్లు అలా ఒక లెక్కలోకి ఎక్కాలి.

కబురు ఆలస్యమైతే ఏమవుతుందో మన పొరుగు కొండలు చెప్పాయి. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు పోయిన జట్లు ఎండుగడ్డి మంటలో చిక్కుకున్నాయి. 20 మందికి పైగా చనిపోయారు. ఆ కొండ, ఆ గడ్డి, ఆ నెల మనవి లాంటివే. 2017లో బందీపూర్‌లో మంట ఆర్పుతూ ఒక ఫారెస్ట్ గార్డు చనిపోయాడు. 2020 ఫిబ్రవరిలో కేరళ త్రిస్సూర్ జిల్లాలో ముగ్గురు అటవీ వాచర్లు మంటల్లో ప్రాణాలు విడిచారు. అడవి తెలిసినవాళ్లే చనిపోయారంటే గాలికి ఎవరి అనుభవమూ లెక్కలేదని అర్థం.

అమెరికాలో వేసవి మంటలు ఇంతకంటే పెద్దవి. అక్కడ ఇడాహో రాష్ట్రంలోని బాయిసీ కేంద్రం నుంచి మంటల కాలంలో రోజూ ఒక నివేదిక వస్తుంది. ఏ మంట ఎంత పెరిగింది, ఎందరు పనిచేస్తున్నారు, దేశం మొత్తం ఏ స్థాయి సన్నద్ధతలో ఉంది అని ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేసి చెబుతారు. మనకు అంత పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. మనకున్న ఆరు గంటల కబురునే గట్టిపరచుకోవచ్చు. గడ్డి ఎలా ఉంది, గాలి ఎటు, పొగ ఉందా, బాట మీద ఎవరు నడిచారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు ప్రతి బీట్ నుంచీ పైకి పోవాలి. వాతావరణ శాఖ చెప్పిన మధ్యాహ్నపు గాలి, నిన్న రాత్రి ఉపగ్రహం చూసిన చుక్కలు, ఈ రోజు తలకోనకో తుంబురు తీర్థానికో పోయే జనం ఎంతన్నది కిందికి రావాలి. గాలి ముప్పు ఉన్న రోజున నడకదారులు మూసే అధికారం అక్కడి రేంజి ఆఫీసరుకే ఉండాలి, ఎవరినీ అడగాల్సిన పని లేకుండా.

ఇక వాచర్ల సంగతి. ఫిబ్రవరిలో ఫైర్ వాచర్లను తీసుకుంటారు, వానలు పడ్డాక వదిలేస్తారు. చాలామంది యానాది కుటుంబాల వాళ్లు, కొండ కింది ఊళ్ల కూలీలు. ఏ పాయలో జూన్ దాకా నీరుంటుంది, ఏ గట్టు మీద గాలి ముందు తిరుగుతుంది అన్నది వాళ్లకు తెలిసినట్టు మరొకరికి తెలియదు. మిగతా ఏడు నెలలు వాళ్లు మేస్త్రీ పనికో, తిరుపతి హోటళ్లకో పోతారు. మళ్లీ ఫిబ్రవరికి పిలిస్తే కొందరు వస్తారు, కొందరు అక్కడే ఉండిపోతారు. వాళ్ల స్థానంలో వచ్చిన కొత్తవాడికి మార్చిలోపు కొండను నేర్పాలి. అందుకే వాచర్లను ఏడాది పొడవునా ఉంచుకోవాలి. వానాకాలంలో నీటి గుంటల పని ఉంది, నారు పని ఉంది, ఎర్రచందనం కాపలా ఉంది. రాత్రి పనికి రెండో కూలీ ఇవ్వాలి. మంటలోకి దిగేవాడికి కాలే గుడ్డలు కాకుండా అందుకు తగిన బట్టలు, బూట్లు ఇవ్వాలి, బీమా ఉండాలి. హెలికాప్టరు ఒక్క రోజు ఎగిరే ఖర్చులో ఇవన్నీ ఎన్ని బీట్లకు సరిపోతాయో అధికారులే లెక్క వేయగలరు. వచ్చే ఫిబ్రవరి జాబితా రాసేలోపు ఆ లెక్క వేయాలని వాళ్లను అడుగుతున్నాను.